రేకుపెట్టెల సందు చీర

కోపం చల్లారాక రాయాలంటారు. నేను చల్లారకముందే కూర్చున్నాను. చల్లారితే నా మాటలకు మర్యాద వచ్చేస్తుంది. ఇది మర్యాదగా చెప్పే సంగతి కాదు.

పది రోజుల కిందట, బళ్ళో నా దగ్గర చదువుకున్న ఒక పిల్ల ఫోన్ చేసింది. "టీచర్, మైలాపూరులో పాత మద్రాసు వీధుల ఫోటోలు పెట్టుండారు. మీరు పుట్టిన చూలై పేట కూడా ఉండాదంట, పొయ్యి చూడండి" అంది. తిరువొత్తియూరు నుంచి రెండు రైళ్ళు మారి, మోకాళ్ళు పట్టుకుని స్టేషను మెట్లు దిగి, అడుగుతూ అడుగుతూ పోయాను. చల్లటి హాలు, తలుపు దగ్గర ఇత్తడి గ్లాసుల్లో కాఫీ. గోడల మీద ఎక్కడెక్కడివో సందులు. చేతిపంపు దగ్గర బిందెల వరస, రోడ్డు మీద ఆరేసిన చేపలు, తోపుడు బళ్ళ పక్కన నిద్రపోతున్న మనుషులు. చూడవచ్చినవాళ్ళు ఒక్కో ఫోటో ముందు నిలబడి "ఆ రోజులే వేరు" అని నిట్టూరుస్తున్నారు. ఆ బిందెల వరసలో ఒక్క పొద్దు వాళ్ళు నిలబడి ఉంటే అదే నిట్టూర్పు వచ్చేదేమో చూడాలి. ఎద్దు పుండు కాకికి నొప్పా?

లోపలి గోడ మీద వరసగా పదకొండు మంది ఆడవాళ్ళ ఫోటోలు, నడుము దాకా. అందరూ పట్టుచీరల్లో, తలలో పూలతో, మెడలో గొలుసుతో, కళ్ళార్పకుండా చూస్తున్నారు. చివరి ఫోటో దగ్గర నా కాళ్ళు ఆగిపోయాయి. ఆమె మా పక్కింటి మునెమ్మ అత్త. అప్పుడు వెనక్కి తిరిగి మిగతా ముఖాలు చూశాను. పదకొండు మందీ మా సందువాళ్ళే. కింద అట్టముక్క మీద అచ్చువేసి ఉంది: "చూలైలోని సంపన్న తెలుగు వర్తకుల ఇంటి స్త్రీలు." నాకు నవ్వు వచ్చింది. వాళ్ళకు కొంచెం ఎడంగా, మూలలో, పన్నెండో ఫోటో ఒకటి ఉంది. అందులో మనిషిది నూలుచీర, మెడలో పసుపుతాడు. దాని కింద అట్ట మీద ఇట్లా ఉంది: "ఆ ఇళ్ళలో పనిచేసిన మనిషి కావచ్చు. పేరు తెలియదు." నా నవ్వు అక్కడ ఆగిపోయింది.

ఆమె పేరు చెంగమ్మ. మా అమ్మ.

ఈ ఫోటోలు సేకరించినవాళ్ళు ఎవరని అడిగితే కార్తీక్ అనే కుర్రవాడు వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి, తాతల కాలం నుంచి షావుకారుపేటలో వ్యాపారం చేసే ఇంటివాడట. తెలుగులో పలకరించేసరికి ముఖం వెలిగిపోయింది. "పాతపేపర్ల అంగట్లో దొరికినాయి ఆంటీ. ఏదో ఆఫీసు ఖాళీ చేస్తా ఫైళ్ళన్నీ తూకానికి వేసేసినారు. సూపర్ కలెక్షన్ కదా? మనోళ్ళు ఆ కాలంలోనే ఎంత గ్రాండుగా ఉండారు, ఇల్లియా?" అన్నాడు.

"వీళ్ళ చేతుల్లో పలక ఉండాలే, ఏదీ?" అన్నాను.

"ఆమా, నంబరు రాసిన పలక ఉండె. చూసేదానికి జైలు ఫోటో మాదిరి ఉండాదని కట్ చేసేసినాం. మీకెట్ట తెలుసు?"

"అది నా పలక బాబూ. ఒకటో క్లాసులో నేను అక్షరాలు దిద్దిన పలక. ఆ చీర మా అమ్మది. పదకొండు మందీ కట్టుకున్నది ఒకటే చీర."

హాస్యం అనుకున్నాడు. ఎడమ భుజం కింద, అంచులోని మామిడిపిందె పక్కన చూడమన్నాను. ఒక దీపావళికి మతాబు నిప్పురవ్వ పడి కాలిన చోట బియ్యపు గింజంత మాసిక ఉంటుంది. వంగి ఒక్కో ఫోటో చూసుకుంటూ పోయాడు. పదకొండో ఫోటో దాకా పోయి, తిరిగి వచ్చి, మొదటి ఫోటో ముందు మళ్ళీ వంగాడు. ఇన్ని నెలలు ఈ ముఖాలను కంప్యూటర్లో పెద్దవి చేసి, కోసి, తుడిచి, చట్రాలు కట్టించిన మనిషికి ఆ మాసిక కనబడలేదు.

ఆ సందు పేరు ఊరి పటంలో ఏమని ఉండేదో నాకు తెలియదు. అందరికీ అది రేకుపెట్టెల సందు. పదమూడు గడపలు. పొద్దున్నే రేకు కత్తిరించే పెద్ద కత్తెర చప్పుడుకు లేచేవాళ్ళం. ఆ తర్వాత చీకటి పడేదాకా సుత్తులే. మా సందులో మాట్లాడడమంటే అరవడమే. నేను బళ్ళో టీచరుగా చేరినప్పుడు హెడ్మాస్టరు పక్క గది నుంచి వచ్చి "పిల్లలకు చెవులు బాగానే ఉన్నాయమ్మా" అన్నారు. మగవాళ్ళు రేకు మడిచి, మూలలు కొట్టి, కొలికీలు బిగించి ట్రంకుపెట్టెలు చేసేవాళ్ళు. లోపల పూల కాగితం అతికించే పని ఆడవాళ్ళది. మైదా జిగురులో చిటికెడు మైలుతుత్తం కలిపేవాళ్ళు, బొద్దింకలు తినకుండా. మూతల మీద పూలు వేయడం మాత్రం మా అమ్మ ఒక్కతే చేసేది. ముందు ఆకులు వేసేది, ఆ ఆకుల మధ్య మిగిలిన చోట గులాబీ. ఎందుకట్లా అని అడిగితే "ఆకు ఉంటే పువ్వు దానంతటదే వచ్చి కూర్చుంటాది" అనేది. ఆమె చేతులకు ఎప్పుడూ పెయింటూ కిరసనాయిలూ కలిసిన వాసన. చారులోనూ అదే వాసన, నా జడలోనూ అదే. నాయన వేళ్ళు రేకు అంచులకు కోసుకుపోయి ఉండేవి. కారం తగిలితే మండుతుందని, గాయాలు పచ్చిగా ఉన్న రోజుల్లో అమ్మ అన్నం కలిపి ముద్దలు చేసి పళ్ళెంలో పెట్టేది. ఆయన చూపుడువేలు తగలకుండా తినేవాడు. దాని గురించి ఇద్దరూ ఎన్నడూ ఒక మాట మాట్లాడుకోగా నేను వినలేదు.

ఇది చదివి మీరు కూడా నిట్టూర్చకండి. పదమూడు గడపలకు ఒకటే కక్కసు. వాన కురిస్తే దానిలోదంతా ఇళ్ళలోకి వచ్చేది. అట్లాంటి ఒక వానాకాలంలోనే మునెమ్మ అత్త రెండో పిల్లవాడు వాంతులై రెండు రోజుల్లో పోయాడు. ఆ సందు పోయిందని నేను ఏడవను. పోయిన తీరుకు నాకు కోపం.

ఇక ఆ చీర. అమ్మ పెళ్ళికి మా తాత కొన్న కంచిపట్టు, లక్క రంగు. పదమూడు గడపల్లోకి అదొక్కటే పట్టు. అందుకని పేరుకే అమ్మది, నిజానికి అది సందు చీర. పెళ్ళిచూపులంటే అది, సీమంతమంటే అది. ఎవరింటికి పోయినా ఉత్త చీర తిరిగి ఇవ్వకూడదని కట్టుబాటు, మడతలో ఒక పసుపుకొమ్మో రెండు మల్లెపూలో పెట్టి ఇచ్చేవాళ్ళు. రవిక మాత్రం అరువు పోయేది కాదు. అది అమ్మ కొలతకు కుట్టింది, మోచేతుల దాకా చేతులు, చివర రెండు వేళ్ళ వెడల్పు జరీ. కాబట్టి ఎవరు చీర తీసుకున్నా కింద తమ రవికే తొడుక్కునేవాళ్ళు.

ఒకరోజు ఏదో ఆఫీసు నుంచి మనుషులు వచ్చి, సందు పడగొడతారనీ, వేరే చోట ఇళ్ళు ఇస్తారనీ, దానికోసం ఎల్లుండి ఇంటి ఆడమనిషిని గడప ముందు నిలబెట్టి ఫోటో తీస్తారనీ చెప్పిపోయారు. ఫోటో దేనికో, దాన్ని చూసి ఏం తేలుస్తారో చెప్పలేదు. మా సందుకు ఫోటో అంటే స్టూడియో, స్టూడియో అంటే మంచిగుడ్డ. పైగా మద్రాసులో అద్దెకు ఇల్లు అడగడానికి పోయేవాళ్ళు ఎట్లా పోతారు? ఉన్నదాంట్లో మంచిది కట్టుకుని పోతారు. చింకిగుడ్డతో పోతే ఇంటివాడు వీధిలోనే నిలబెట్టి లేదంటాడు. మునెమ్మ అత్త అదే చెప్పింది. "ఇల్లు ఇచ్చేవోడు మనిషిని చూసి గదా ఇస్తాడు. బిచ్చగత్తెల మాదిరి నిలబడితే ఎవుడిస్తాడు? చెంగమ్మా, చీర బయటికి తియ్యి." ఆ మాట సందులో అందరికీ సబబుగానే తోచింది. నాకు ఇప్పటికీ సబబుగానే తోస్తుంది.

ఆ రోజు నాకు పరీక్ష, బడికి పోయాను. సాయంత్రం వచ్చేసరికి చీర మడత పెట్టి ఇంట్లో ఉంది, మడతలో పసుపుకొమ్మ, మల్లెపూలు. సందంతా పెళ్ళి జరిగిన ఇంటిలా ఉంది. చీర గడప గడపకూ కెమెరా కంటే ముందు ఎట్లా పరిగెత్తిందో, టీకొట్టువాడి భార్య గొలుసు ఎట్లా మెడలు మారిందో, గడప నంబరు రాసి పట్టుకోవడానికి నా పాత పలక ఎట్లా చేతులు మారిందో, తలుపు చాటున ఎవరు ఎవరికి కుచ్చెళ్ళు పెట్టారో చెప్పుకుని నవ్వుకుంటున్నారు. మా గడప చివరిది. "ఫోటో ఎట్లా వచ్చిందమ్మా?" అంటే, "నా వంతు రాలేదు. ఉన్న చీరతోనే నిలబడినాను" అంది అమ్మ.

రెండు నెలలకు టీకొట్టు గోడ మీద జాబితా అంటించారు. అందులో రెండే గడపలు. ఒకటి మాది. రెండోది ఆడదిక్కు లేని గురవయ్య తాతది, చిరిగిన బనీనుతో నిలబడ్డాడు ఆయన. మిగతా పదకొండు గడపలు లేవు. నాయనా ఇంకో నలుగురూ ఆఫీసుకు పోతే, అక్కడి గుమాస్తా ఫోటోలు బల్ల మీద పరిచి, "పట్టుచీరలు, బంగారు గొలుసులు. మీరు పేదవాళ్ళా? మీకెందుకు గవర్నమెంటు ఇల్లు?" అన్నాడట. పదకొండు ఫోటోలు ఒకదాని పక్కన ఒకటి పరిచి పెట్టుకుని అన్నాడు ఆ మాట. అదే చీర, అదే గొలుసు, అదే మాసిక. నాయన వేలు పెట్టి చూపించబోతే ఫోటోలు తోసేసి, మాసిక చూసే పని తనది కాదన్నాడట. మర్నాడు పోయినవాళ్ళను గేటు దాటనివ్వలేదు. నాకు ఆ గుమాస్తా పేరు తెలియదు. తెలిసి ఉంటే ఈ రాతకు ఆ పేరే పెట్టేదాన్ని.

ఆ మర్నాడే, పంపు దగ్గర, పట్టపగలు, అందరూ ఉండగా మునెమ్మ అత్త బిందె దించి అమ్మ ఎదుట నిలబడింది. నేను అమ్మ పక్కనే ఉన్నాను.

"నువ్వు తెలివైనదానివి చెంగమ్మా. మాకందరికీ పట్టు కట్టబెట్టి, నువ్వు మాత్రం పాతచీర కట్టుకోని నిలబడినావు. నీకు ముందే తెలుసు గదా? ఎవురు చెప్పినారు నీకు?"

అమ్మ ఆమెను చాలాసేపు చూసింది. "నా వంతు రాలేదు మునెమ్మా" అంది. అంతే. బిందె ఎత్తుకుని వచ్చేసింది. ఆ తర్వాత మేము సందు విడిచిపెట్టే దాకా మాతో ఎవరూ మాట్లాడలేదు. ఇల్లు అప్పజెప్పకముందే గురవయ్య తాత పోయాడు. సామాన్లు బండికెక్కించుకుని తిరువొత్తియూరుకు బయలుదేరిన రోజు పదకొండు తలుపులు మూసి ఉన్నాయి. వాళ్ళు కాలవగట్టుకు పోయారు. మునెమ్మ అత్త కూతురు రాజేశ్వరి, నాకంటే ఏడాది చిన్నది, బడి మానేసి అప్పడాలు ఒత్తడానికి పోయింది. నేను ఆ వచ్చిన ఇంట్లో కూర్చుని చదువుకుని, ఉద్యోగం తెచ్చుకుని, పెన్షను తీసుకుంటున్నాను.

ఇంతకంటే సిగ్గుపడే సంగతి ఒకటుంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు, పడనీ. నేను అమ్మను నమ్మలేదు. కాలేజీలో చేరిన కొత్తలో ఏదో మాటకు మాట పెరిగి, "మునెమ్మ అత్త అన్నది నిజమేగా? నీకు తెలుసుగా?" అనేశాను. అమ్మ బియ్యం ఏరుతోంది. చేట కింద పెట్టి నావైపు చూసి, "నా వంతు రాలేదు" అంది మళ్ళీ. తప్పించుకుంటోందనుకున్నాను. ఆ తర్వాత నేనూ అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆ చీర ఆమె మళ్ళీ కట్టలేదు, నా పెళ్ళికి కూడా. తను పూలు వేసిన పెట్టెలోనే పెట్టి తాళం వేసింది. ఆమె పోయి చాలా ఏళ్ళయింది.

ఇన్నేళ్ళకు ఆ మైలాపూరు హాల్లో, పనిమనిషి అన్న అట్టముక్క పైన, అమ్మను చూస్తూ నిలబడ్డాను. ముఖమే చూస్తున్నాను మొదట. తర్వాత చేతులు చూశాను. వెలిసిపోయిన నూలుచీర కింద, మోచేతుల దగ్గర, రెండు వేళ్ళ వెడల్పు గీత తెల్లగా మెరుస్తోంది. జరీ. ఆమె పట్టురవిక తొడుక్కుని ఉంది. తలలో పూలున్నాయి. పొద్దున్నే రవిక తొడుక్కుని, పూలు పెట్టుకుని, చీర కోసం కాచుకుని నిలబడిన మనిషి ఆమె. ముందే తెలిసిన మనిషి ఎవరైనా పాతచీర కింద జరీ రవిక తొడుక్కుంటుందా? ఫోన్ తీసి రాజేశ్వరికి చేశాను. అమ్మ పోయినప్పుడు వచ్చి గుమ్మం దగ్గరే నిలబడి వెళ్ళిపోబోతుంటే నంబరు తీసుకున్నాను గానీ ఎన్నడూ చేయలేదు.

మర్నాడు వచ్చింది, వ్యాసర్పాడి నుంచి. నిజం చెప్పాలంటే నేను గెలవాలని పిలిచాను. వాళ్ళమ్మ మాట తప్పని వాళ్ళ కూతురి చేత ఒప్పించాలని. కానీ ఆమె ముందు పదకొండో ఫోటో దగ్గరే ఆగిపోయింది. "అక్కా, ఇది మా అమ్మే! ఇంత బాగుండెనా మా అమ్మ? మా ఇంట్లో ఒక్క ఫోటో గూడా ల్యాదే" అంటూ అద్దం మీద అరచెయ్యి పెట్టింది. కార్తీక్ ముట్టుకోవద్దని చెప్పబోయి మానుకున్నాడు. కాసేపు ఆగి నేను ఆమెను మూలకు లాక్కుపోయి, "ఇటు చూడు. ఈ చేతులు చూడు. జరీ కనబడుతోందా? ఇప్పుడు చెప్పు, మా అమ్మకు ముందే తెలుసా?" అన్నాను. నా గొంతు రేకుపెట్టెల సందు గొంతు అయిపోయిందని హాల్లో జనం తిరిగి చూసినప్పుడు తెలిసింది.

రాజేశ్వరి జరీని చూడలేదు. నన్నే చూసింది.

"దీనికా పిలిచినావు అక్కా? మా అమ్మకు తెలుసు. ఆ పొద్దు ఈ రైక పట్టలేదని చంకల కింద కుట్టు విప్పి వదులు చేసింది మా అమ్మే. సూదీదారం నేనే అందించినాను. మా గడప ఫోటో అయినాక, చీర ఇప్పి ఇస్తాను రెండు నిమిషాలు ఆగండి సామీ అని ఆ కెమెరా ఆయన్ని బతిమాలింది గూడా మా అమ్మే. ఆయన ఆగలా. టైం లేదు నిలబడు నిలబడు అని చెంగమ్మత్తని అట్టనే నిలబెట్టేసినాడు."

"అన్నీ తెలిసి పంపు కాడ ఆ మాట ఎందుకన్నది మరి?"

"ఇంకెవుర్ని అనేది? ఆఫీసులో గేటు కాడే తరిమేసినారు. మా నాయన్ని మెడబట్టి నెట్టినారు. ఎవురినో ఒకర్ని అనాల గదా. చెంగమ్మత్త అయితే పక్కనే ఉండాది, తిరిగి ఒక మాట అనదు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "పొయ్యి కాళ్ళు పట్టుకోవాల, పొయ్యి కాళ్ళు పట్టుకోవాల అని చచ్చేదాకా చెప్తానే ఉండింది. తిరువొత్తియూరు బస్సు ఎక్కేదానికి ముఖం చాల్లా."

అత్త మీది కోపం దుత్త మీద అంటారు. మునెమ్మకు తెలుసని అమ్మకూ తెలుసు. అందుకే ఆ పంపు దగ్గర రవిక మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే నలుగురిలో మునెమ్మ తల వంచుకోవలసి వచ్చేది. ఇల్లు పోగొట్టుకున్న మనిషి మాట కూడా పోగొట్టుకోకూడదనుకుందేమో. ఆ ఓర్పును నేను మెచ్చుకోను. ఆ ఓర్పు వల్ల మా అమ్మ స్నేహితురాలిని పోగొట్టుకుంది, కూతురి నమ్మకం పోగొట్టుకుంది. మునెమ్మ అమ్మను అంది, నేను అమ్మనూ మునెమ్మనూ ఇద్దరినీ మనసులో తిట్టుకున్నాను. అనవలసినవాడిని మాత్రం ఎవరమూ అనలేదు. ఫోటోలు తోసేసిన ఆ చెయ్యి ఆ సాయంత్రం చక్కగా అన్నం కలుపుకుని తిని ఉంటుంది. మా ముఖాలు ఆ ఆఫీసు బీరువాలో దుమ్ము తిని, చివరికి కిలోల లెక్కన అంగటికి పోయాయి, అక్కడి నుంచి ఈ గోడకు. ఈ గోడ కూడా మమ్మల్ని ఆ గుమాస్తా చూసినట్టే చూసింది. పట్టు కనబడితే షావుకార్లు, నూలు కనబడితే పనిమనిషి. అప్పటికీ ఇప్పటికీ తేడా ఏమిటంటే, అప్పుడు కాఫీ ఇవ్వలేదు.

ఈ మాటలన్నీ కార్తీక్‌తో అన్నాను, ఇంతకంటే గట్టిగా. పాపం, తల వంచుకుని విన్నాడు. "సారీ ఆంటీ. మార్చేస్తాం. కానీ ప్రింటు మళ్ళీ వెయ్యాలంటే కమిటీలో చెప్పాల, ఒక వారం..." అన్నాడు.

"ప్రింటు ఎవరడిగారు? పెన్ను ఉందా?"

తెల్ల అట్టలు తెచ్చి ఇచ్చాడు. నేనూ రాజేశ్వరీ కాఫీ బల్ల దగ్గర కూర్చుని పదకొండు పేర్లూ గుర్తు తెచ్చుకున్నాం. ఒక్క పేరు దగ్గర తగవు పడ్డాం. ఆమె కన్నమ్మ అంది, నేను కన్నియమ్మ అన్నాను. చివరికి ఆమె మాటే నిలిచింది. ఒక్కో అట్ట మీద పేరు, గడప నంబరు, ఆ ఇంటివాళ్ళు చేసే పని. ప్రతి పేరు కింద ఒకటే మాట: చీర చెంగమ్మది.

పన్నెండో అట్ట తీసుకోబోతే రాజేశ్వరి నా చేతిలోంచి పెన్ను లాక్కుంది. ఆమెకు ఇప్పుడు తెలుగు రాయడం రాదు, నేర్చిన నాలుగు అక్షరాలూ ఆ బడితోనే పోయాయి. కాలవగట్టు మీద ఎవరో నేర్పిన తమిళ అక్షరాల్లో, ఒక్కొక్కటి కూడబలుక్కుంటూ రాసింది. రాసి, లేచి వెళ్ళి, పనిమనిషి అన్న అట్టను పీకేసి, ఆ చోట తనే అంటించింది.

"చెంగమ్మ. పెట్టెల మీద పూలు వేసేది. ఆమె వంతు రాలేదు."